బీడులో బాపమ్మ పిలుపు

నా చిన్నప్పుడు అలగడంలో నన్ను మించినవాళ్లు మా వాడలో లేరు. ఆ అలక ఒకసారి మా బాపమ్మ ప్రాణం మీదికి తెచ్చింది.

బాపమ్మ అంటే మా నాన్నకు అమ్మ. నాకప్పుడు ఎనిమిదేళ్లుంటాయి. నిజాం ఏలుబడి రోజులు. ములుగులో మా మేనత్తకు కాన్పయిందని కబురొస్తే ఖిలా వరంగల్ నుంచి బాపమ్మా నేనూ నడిచి బయలుదేరాం. రెండు రోజుల దారి. మోటారెక్కితే కడుపులో తిప్పుతుందని ఆమె నమ్మకం. ఎక్కి చూసింది మాత్రం లేదు.

రెండో రోజు మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. చుట్టూ బీడు భూములు, కనుచూపు మేరలో ఇల్లు లేదు. గట్టు మీద నాలుగు తాటిచెట్లుంటే వాటి కిందికి పరుగెత్తాను. బాపమ్మ జడ పట్టుకుని వెనక్కి లాగింది. చెట్లకు దూరంగా, కాస్త పల్లంగా ఉన్న చోటికి తీసుకుపోయి, కాళ్లు రెండూ దగ్గరగా పెట్టి గొంతుకూర్చోమంది, పడుకోవద్దంది. అంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నన్నక్కడే వదిలి, తాను ముప్పై అడుగులు నడిచి అవతల కూర్చుంది.

ఇంట్లో ఉరిమితే పిల్లలందరం ఆమె కొంగులో దూరి 'అర్జునా, ఫల్గుణా' అనుకునేవాళ్లం. అలాంటి మనిషి ఇప్పుడు దగ్గరికి రానివ్వడం లేదు. ఏడుస్తూ వెళ్లి కొంగు పట్టుకుంటే చెయ్యి విడిపించింది.

"ఒక్కకాడుంటె పిడుగు ఇద్దర్నీ కొడ్తది బిడ్డా. ఎడంగుంటె ఒకరన్న మిగులుతం, ఇంకొకర్ని లేపొచ్చు. పో, కూసో. నేను పిలుస్త, నువ్వు పలుకు."

ప్రతి ఉరుము తర్వాతా "ఉన్నవా బిడ్డా?" అని కేకేసేది. "ఉన్న!" అనేదాన్ని. వాన పట్టుకుంది. ఒళ్లంతా తడిసి వణుకుతుంటే నాకు రోషం ముంచుకొచ్చింది. దగ్గర కూర్చోబెట్టుకోని మనిషికి జవాబెందుకు అనుకున్నాను. ఆ తర్వాతి పిడుగు చాలా దగ్గరలో పడింది. బాపమ్మ పిలిచింది. మోకాళ్లలో తల పెట్టుకుని నోరు మూసుకున్నాను. మళ్లీ పిలిచింది. పలకలేదు.

తలెత్తేసరికి ఆమె ఆ బీడులో నిలువెత్తున పరుగెత్తుకొస్తోంది. తడి చీర కాళ్లకు చుట్టుకుని పడింది, లేచింది. వెనక ఆకాశం తెల్లగా మెరిసింది. ఆపకుండా అరిచాను.

"ఉన్న! ఉన్న! బాపమ్మా, కూసో!"

ఉన్నచోటనే కూలబడింది. ఉరుములు ఆగిపోయాక కూడా చాలాసేపటికి గానీ ఇద్దరం లేవలేదు. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు, తిట్టలేదు. గీరుకుపోయిన మోకాలు వాన నీళ్లతో కడుక్కుని, "నడు, మీ అత్త ఫికర్ చేస్తది" అంది. తిట్టినా బాగుండేది. ములుగు దాకా ఏడుస్తూనే నడిచాను.

ఇప్పుడు నా వయసు అప్పటి బాపమ్మ వయసును దాటింది. ఎవరు ఏ గదిలోంచి పిలిచినా, స్నానం చేస్తున్నా, కోపంతో ఉడికిపోతున్నా, ముందు "ఉన్న" అంటాను. మనవలు నవ్వుతారు, నవ్వనీ. నేను పలకని ఆ కాసేపు బాపమ్మకు నేను లేను. ఆ తర్వాత ఎంతమంది మీద అలిగినా, అలాంటి కాసేపు మరెవరికీ రానివ్వలేదు.