నేను కోసేసిన ఆఖరి నిమిషాలు

నా మిత్రుడు మ్యాచ్ పూర్తికాకముందే లేచి వెళ్ళిపోయాడని కృష్ణానగర్ టీ బంకుల దగ్గర నాలుగేళ్ళుగా ఒక మాట తిరుగుతోంది. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది నేను.

నేను ఎడిటర్ని. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ మీద నా ఎడిటింగ్ గది. అక్కడికి రెండు సందుల అవతల ఒక డబ్బింగ్ థియేటర్ ఉండేది, అతను అందులో సౌండ్ ఇంజనీరు. అతనిది ఇక్కడి యూసుఫ్‌గూడే. నేను గోదావరి వైపు నుంచి వచ్చి మధురానగర్‌లో స్థిరపడ్డవాణ్ణి. ఒక సినిమాకి పనిచేస్తున్నప్పుడు ఇద్దరం ఇంగ్లండ్‌లోని ఒకే జట్టు అభిమానులమని తెలిసింది. పెద్ద జట్టు కాదు. మా నాన్నల కాలంలో గొప్పదట. మేం చూడడం మొదలుపెట్టాక మాత్రం ఎక్కువగా ఓడిపోతూనే ఉంది. హైదరాబాద్‌లో ఆ జట్టును పట్టించుకునే మూడో మనిషి మాకు తగల్లేదు.

యూరప్‌లో మ్యాచ్ జరిగేటప్పటికి ఇక్కడ అర్ధరాత్రి దాటుతుంది. పగలంతా పనిచేసి రాత్రంతా మేలుకుంటే మర్నాడు చెవులు పనిచెయ్యవని అతని ఫిర్యాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మ్యాచ్‌ని నా సిస్టమ్‌లో రికార్డు చేసేవాణ్ణి. పొద్దున ఏడింటికి హార్డ్ డిస్క్ పట్టుకుని డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళేవాణ్ణి. అతను దారిలో ఇడ్లీలు కట్టించుకుని వచ్చేవాడు. పెద్ద తెర మీద, మంచి స్పీకర్లతో, ఖాళీ థియేటర్‌లో ఇద్దరమే కూర్చుని చూసేవాళ్ళం. చూడడం అయ్యేదాకా ఫలితం మా ఇద్దరిలో ఎవరికీ తెలియకూడదు. ఫోన్లు రాత్రి నుంచే ఆపేసి ఉండాలి. థియేటర్ వాచ్‌మన్‌కి కూడా గట్టిగా చెప్పి పెట్టాడు.

"నువ్వు గిట్ల స్కోరు జెప్తే నీ చాయ్ బంద్."

"నాకు బాలు గుండ్రంగ ఉంటదన్నదొక్కటే ఎరుక సార్," అనేవాడు వాచ్‌మన్.

ఇంత పట్టింపు ఎందుకని ఒకసారి అడిగాను. "పొద్దంత ఒక్కటే సీను నలభైసార్లు చూస్తం. హీరో గెలుస్తడని మొదటి దినమే ఎరుక. గీ రెండు గంటలే అన్నా, ఏమైతదో మనకు తెల్వనిది. అది గూడ ఎవడో జెప్పేస్తే ఇంకేమున్నది?" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది. నచ్చిందంటే అర్థమైందని కాదని తర్వాత తెలిసింది.

ఆ ఏడాది మా జట్టుది విచిత్రమైన పరిస్థితి. అంతకుముందు ఏడాది ఎలాగో ఒక కప్పు గెలిచి యూరప్ పోటీకి వెళ్ళింది. లీగ్‌లో మాత్రం అట్టడుగున పడి, కింది డివిజన్‌కి జారిపోయేలా ఉంది. యూరప్ నాకౌట్‌లో బయట ఆడిన మొదటి మ్యాచ్ ఒక్క గోల్ తేడాతో పోయింది. సొంత మైదానంలో రెండోది మిగిలింది. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి లెక్క. అంటే రెండు గోల్స్ తేడాతో గెలవాలి.

ఆ రోజుల్లోనే అతను పనిచేసే థియేటర్‌ని మూసేస్తున్నారని తెలిసింది. మ్యాచ్ మర్నాడు పదకొండింటికి జూబ్లీహిల్స్‌లో కొత్తగా కడుతున్న ఒక స్టూడియో వాళ్ళు అతన్ని మాట్లాడడానికి రమ్మన్నారు. వారం రోజులుగా అతని ముఖంలో కళ లేదు. "కనీసం మనోళ్ళన్న గెలవనీ అన్నా," అని రెండుమూడుసార్లు అన్నాడు.

ఆ రాత్రి నేను నియమం తప్పాను. రికార్డింగ్ పెట్టి పడుకోవాల్సినవాణ్ణి, తెర ముందు కూర్చుండిపోయాను. మొదటి సగంలో ఒక గోల్, రెండో సగంలో ఇంకోటి. ఎనభై తొమ్మిదో నిమిషం దాకా మాదే పైచేయి. తొంభై నిమిషాలు అయ్యాక కలిపే ఇంజూరీ టైమ్ రెండో నిమిషంలో కార్నర్ నుంచి అవతలివాళ్ళు ఒకటి కొట్టారు. లెక్క సమమైంది. ఇంకో అరగంట ఆడించారు. అందులో వాళ్ళు కొట్టిన బంతి మా కెప్టెన్ మడమకి తగిలి దిశ మారి మా గోల్‌లోనే పడింది. అంతే.

తెల్లవారుజామున నేను చేసిన పని ఎడిటర్ తప్ప ఇంకెవరూ చెయ్యరు, చెయ్యలేరు. ఎనభై తొమ్మిదో నిమిషం దగ్గర మ్యాచ్‌ని కోసేశాను. మొదటి సగం చివర రిఫరీ విజిల్ వేసిన షాట్ తెచ్చి అక్కడ అతికించాను. తెర మూలనున్న మ్యాచ్ గడియారం కనబడకుండా ఆ ఒక్క షాట్‌ని కొంచెం పెద్దది చేశాను. రెండో గోల్ తర్వాత జనం ఎగిరి గంతులేసిన దృశ్యాలు దాని వెనక పేర్చి, కేకలు కలిపాను. పావుగంట పట్టింది. అతుకు తెలియకుండా వచ్చింది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ పనితనం చూసి కాస్త మురిశాను కూడా.

సంతోషంగా వెళ్ళి మాట్లాడి వస్తాడు, సాయంత్రం నిజం చెప్పి ఇద్దరం కలిసి ఏడుద్దాం అనుకున్నాను. అతని మంచి కోసమే అనుకున్నాను. అతనికి ఆ ఆనందం ఇచ్చేవాణ్ణి నేనే కావాలన్న కోరిక కూడా అందులో ఉంది.

పొద్దున ఆ విజిల్ వినబడగానే అతను కుర్చీలోంచి లేచాడు. అరవలేదు. నా వైపు తిరిగాడు.

"ఇంజూరీ టైమ్ ఏదన్నా?"

"ఛానల్ వాడు యాడ్ వేశాడు. ఆ ముక్క పోయింది."

ఒక్క క్షణం నన్నే చూశాడు. తర్వాత నన్ను గట్టిగా కావలించుకున్నాడు. అతని చొక్కాకి కొబ్బరి చట్నీ వాసన. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పొద్దున్నే ఆ వాసన వస్తే నాకు అక్కడ కూర్చోబుద్ధి కాదు.

జూబ్లీహిల్స్ స్టూడియోలో యజమాని కొడుకులిద్దరూ ఫుట్‌బాల్ పిచ్చివాళ్ళట. మాటల్లో రాత్రి జరిగిన ఆ మ్యాచ్ వచ్చింది. ఇతను ఉత్సాహంగా, "మనోళ్ళు గెలిచిండ్రు గద," అన్నాడట. "ఏ మ్యాచ్ చూశారు అంకుల్? మీ థియేటర్‌లో వేరే క్లైమాక్స్ డబ్ చేశారా?" అని వాళ్ళు పడిపడి నవ్వి ఫోన్‌లో చూపించారట. ఆ ఉద్యోగం రాలేదు. నా వల్లే రాలేదని చెప్పలేను, కాదని చెప్పే ధైర్యం అంతకన్నా లేదు.

సాయంత్రం నేను చెప్పేలోపే సంగతి కృష్ణానగర్ చేరింది. టీ బంకు దగ్గర మా సినిమావాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "ఏందన్నా, ఇద్దరు గల్సి చూసిండ్రు, ఆయనకొక్కనికే ఎట్ల గెలిచిండ్రు?" అన్నాడొకడు. అందరూ నా ముఖంలోకి చూస్తున్నారు. నోటికి వచ్చింది అనేశాను: "గెలిచేశామని ఎనభై తొమ్మిదో నిమిషంలోనే లేచి వెళ్ళిపోయాడయ్యా. చివరిదాకా ఉంటే కదా."

ఫుట్‌బాల్ చూసేవాడికి అంతకన్నా పెద్ద నింద లేదు. ఐదు గోల్స్ తేడాతో ఓడుతున్న రోజు కూడా ఆఖరి విజిల్ దాకా కదలని మనిషి అతను. ఆ రోజు నుంచి అతని పేరు "ఎయిటీ నైన్" అయింది. "ఎయిటీ నైనన్నా, చాయ్ మొత్తం తాగి పో, సగంల పోకు." అతను ఎవరికీ జవాబు చెప్పలేదు. నాతో మాట్లాడడం మానేశాడు. థియేటర్ మూతపడ్డాక వెంగళరావు నగర్‌లో ఎవరిదో చిన్న రికార్డింగ్ గదిలో చేరాడని విన్నాను. మా జట్టు ఆ సీజన్‌లోనే కింది డివిజన్‌కి పడిపోయింది. ఆ కబురు పంచుకోవడానికి నాకు మనిషి లేడు.

పోయిన నెల ఒక పొద్దున ఫోన్ చేశాను. ఎత్తుతాడనుకోలేదు.

"చెప్పండి," అన్నాడు.

చెప్పాను. విజిల్, గడియారం, టీ బంకు, అన్నీ. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"విజిల్ ఫస్ట్ హాఫ్‌దని అప్పుడే ఎరుకైంది," అన్నాడు. "లాస్ట్‌ల జనం అరుపులు గూడ రెండో గోల్‌వే. సౌండోనికి దొరకదా అన్నా? నా చెవులే తప్పు విన్నయనుకున్న. నువ్వు జెయ్యవనుకున్న."

"నేనే చేశాను," అన్నాను.

"గది గూడ పోనీ. నేను లేచి పోయిన్నని ఎట్ల అన్నవ్?"

"భయమేసింది."

తర్వాత అతనే అడిగాడు. "ఇంతకు ఆ గోల్ ఎట్ల పడ్డది? ఓడిండ్రని ఫోన్‌ల చూపెట్టిండ్రు గని, నేనింతవరకు చూడలే."

కార్నర్ సంగతీ, కెప్టెన్ మడమ సంగతీ చెప్పాను. ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాను. మ్యాచ్ అయిపోయాక మా జనం ఒక్కరూ ఇంటికి పోలేదు. కెప్టెన్ గడ్డి మీద బోర్లా పడి ఉన్నాడు. అందరూ నిలబడి, అతను లేచేదాకా పాడారు. అతను లేచి చొక్కాతో ముఖం తుడుచుకుని నాలుగు వైపులా తిరిగి దణ్ణం పెట్టినట్టు చేతులెత్తాడు. ఆ పాట పది నిమిషాలు ఆగలేదు. ఆ థియేటర్‌లో ఆ స్పీకర్లతో అది ఎలా వినిపించేదో నేను ఊహించుకుంటూనే ఉన్నాను. ఓటమితో పాటు దాన్ని కూడా కోసేశాను.

"అది నేను వినాల్సిందన్నా," అన్నాడు.

"మొత్తం నా దగ్గర ఉంది. తెచ్చిస్తాను."

"వద్దు. ఇప్పుడు ఏమైతదో ఎరుకైంది గద."

ఫోన్ పెట్టేస్తాడేమోనని తొందరపడ్డాను. "మళ్ళీ ఎప్పుడైనా మనవాళ్ళు యూరప్‌లో ఆడితే..." అని మొదలుపెట్టాను.

సన్నగా నవ్వాడు. "ముందు పైకి రానీయ్," అని పెట్టేశాడు.

ఇది రాస్తున్న పూటకి మా జట్టు రెండో డివిజన్‌లో పదకొండో స్థానంలో ఉంది.