నిమ్మకాయలు ఇవ్వనన్న ఆమె

గ్రంథాలయంలో నేను చదివిన యుద్ధ చరిత్రల్లో మోండా మార్కెట్ నిమ్మకాయలామె లేదు. అందుకే రాస్తున్నాను.

హెల్పర్ కొలువని ఒక ఏజెంటు విదేశానికి పంపిన ఆమె కొడుకును అక్కడ బలవంతంగా సైన్యంలో చేర్చారు. అప్పటినుంచి, ఆ ఏజెంటు ద్వారా పోయేవాళ్ళ బండి టైర్ల కింద పెట్టడానికి ఆమె నిమ్మకాయలు ఇవ్వదు, బోణీ బేరమైనా సరే. శకునం బాగాలేదని కొందరు పిల్లల్ని ఆపుకున్నారు.

మా అక్క కొడుకు ప్రయాణం నాడు నేను వెళ్ళాను.

"పిల్లగాడు ఆ ఏజెంటుతోనే పోతుండా? అయితే ఇయ్య. తిట్టుకుంటే తిట్టుకో."

"ఇంకా ఈ మూఢనమ్మకాలేంటమ్మా?"

"నమ్మకం లేకుంటే నిమ్మకాయెందుకు సారూ?"

పక్క కొట్లవాళ్ళు ముగ్గురూ ఇవ్వలేదు. మారేడ్‌పల్లిలో కొన్నాను. అక్క కొడుకూ ఇప్పుడు ఆ సైన్యంలోనే ఉన్నాడు.

ఆమెకు తోడుగా నన్ను వెనక్కి పంపిన యాదమ్మకు, షాహీన్ బీకి, మల్లేశానికి కృతజ్ఞతలు. మోండాలో ఇవ్వలేదని తెలిస్తే అక్క వాణ్ణి ఆపేసేది. ఇంతవరకు చెప్పలేదు.