జ్వరం కోసం ఎదురుచూసిన ఇల్లు

చొక్కాలు కుట్టే వర్క్‌షాపులో ఆమెకు చన్నీళ్లక్క అని పేరు పెట్టిందెవరో గానీ, వాళ్లకు దండం పెట్టాలి. ఎక్కడ పొంగు కనిపిస్తే అక్కడ నీళ్లు చల్లడం ఆమె స్వభావం. కాజాలు కుట్టే ఇద్దరమ్మాయిలు కత్తెర కోసం కీచులాడుకుంటే తన కత్తెర ఇచ్చేసి చక్కా కూర్చునేది. సూపర్‌వైజరు ముఖం చిట్లిస్తే టీ తెప్పించేది. కూతురు చిన్నతనంలో ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, జ్వరం గడప తొక్కకముందే మాత్ర వేసేసేది. ఇన్నేళ్ల కాపురంలో మొగుణ్ణి గట్టిగా ఒక్క మాట అన్నది లేదు. ఇరుగూ పొరుగూ మెచ్చుకునేవారు. నన్నడిగితే, అంత మంచితనం ఒంటికి మంచిది కాదు.

మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇంకొన్నేళ్లు సర్వీసు ఉందనగా మూత్రాశయంలో గడ్డ బయటపడింది. డాక్టరు సన్నటి గొట్టం పంపి గడ్డను గీకేసి, మిగిలిన కణాలు చావడానికి ఒక విడత మందు లోపల పోశాడు. ఈ రకం గడ్డ మళ్లీ మొలుస్తుందట. అందుకని రెండో రకం వైద్యం మొదలుపెడుతూ, ఇది పనిచెయ్యకపోతే మూత్రాశయమే తీసేసి పొట్ట మీద బయటికి మూత్రం పట్టే ఒక సంచి తగిలించాల్సి వస్తుందని ముందే చెప్పాడు.

"సంచి వేలాడేసుకుని స్టీరింగు ముందు కూర్చోను," అన్నాడు డ్రైవరు. మళ్లీ ఆ ఊసు ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

ఆ రెండో వైద్యం విచిత్రమైనది. క్షయ రాకుండా పసిపిల్లలకు భుజానికి వేసే టీకా ఉంటుంది కదా, అందులో ఉండే నీరసించిన క్రిమినే నీళ్లలో కలిపి గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. వారానికొకసారి చొప్పున ఆరు వారాలు. ఎక్కించాక రెండు గంటలు బిగబట్టుకోవాలి. మందు నాలుగు గోడలకూ తగలాలి కాబట్టి ఈ పక్కకు, ఆ పక్కకు, వెల్లకిలా, బోర్లా పొర్లుతుండాలి. ఈ మాట వినగానే డ్రైవరు ముఖం వెలిగింది. ఉద్యోగమంతా ఆఖరి స్టాపు వచ్చేదాకా బిగబట్టుకుని బతికిన మనిషి మరి. పక్క మంచం మీద గడియారాలు బాగుచేసే ఆయన పళ్లు బిగించి మెలికలు తిరుగుతుంటే, ఈయన "లెఫ్టు తిప్పుతున్నా, జరగండి జరగండి" అంటూ హాయిగా దొర్లేవాడు.

బయట బెంచీ మీద గడియారాలాయన భార్య చన్నీళ్లక్కకు తన గోడు చెప్పుకుంది. "పోయిన వారం మా ఆయనకు ఒకటే జ్వరం అక్కా. వణుక్కి మంచం ఊగిపోయింది. చూళ్లేక చచ్చాను."

ఆ మాట చాలు. మొదటి వారమే ఇంటికి రాగానే ఒక జ్వరం మాత్ర, ఆ తర్వాత ప్రతి వారం ఆస్పత్రికి బయల్దేరేముందు ఒకటి, తిరిగొచ్చాక ఇంకొకటి మొగుడి చేతిలో పెట్టడం మొదలుపెట్టింది చన్నీళ్లక్క.

"ఇదేంటి?"

"బలానికండీ."

ఆయన మింగేశాడు. రోడ్డు మీద గుంటనైనా అనుమానించేవాడు గానీ పెళ్లాం చేతి మాత్రను ఏనాడూ అనుమానించలేదు.

నాలుగో వారం మందు ఎక్కించాక నర్సు అడిగింది. పెద్దావిడ, ముక్కుసూటి మనిషి. "జ్వరం వస్తోందా?"

"నాకా? జ్వరం మన జోలికి రాదు సిస్టర్," అన్నాడు డ్రైవరు ఛాతీ విరిచి.

"కాస్త వస్తేనే నాకు బావుండేది," అందావిడ. "గడ్డను చంపేది ఈ క్రిమి కాదండీ, మీ ఒంట్లోవాళ్లే. మాక్రోఫేజ్‌లని కాపలా కణాలుంటాయి. ఒట్టి తిండిపోతులు. క్రిములు, చచ్చిన కణాలు, ఏది దొరికితే అది మింగుతాయి. గడ్డ కణాలు మాత్రం ఇంట్లోవాళ్లలా కనిపిస్తాయి కదా, వాటినేం అనవు. ఒక్కోసారి వాటికే ఊడిగం చేస్తాయి కూడా. ఈ క్రిమి పైతొడుగు తగిలితే ఉలిక్కిపడి లేస్తాయి. మిగతా కణాల్ని కేకేస్తాయి. ఆ గొడవలో గడ్డ కణాలూ దొరికిపోతాయి. మొదట పోసిన మందు నేరుగా గడ్డ మీద పడింది, ఇది మీవాళ్లని నిద్రలేపుతుంది. అంతే తేడా."

"లేస్తే జ్వరం వస్తుందా?"

"ఆ కేకలకే ఒళ్లు కాలుతుంది. కొన్ని క్రిముల విషానికైతే ఇవి అదుపు తప్పి మనిషినే ముంచేస్తాయి. అందుకే కోరలు పీకిన క్రిమిని వాడతాం. గొడవ జరగాలి, ఇల్లు కూలకూడదు. జ్వరం రాకపోయినా పనిచెయ్యొచ్చు లెండి. వస్తే నాకు కాస్త ధైర్యం."

రాకపోయినా పనిచెయ్యొచ్చన్న మాట ఆ దంపతుల చెవికెక్కలేదు. మనిషికి కావలసిన మాటే ఎప్పుడూ చెవి బయట నిలబడిపోతుంది.

ఆ రోజు నుంచి ఇల్లు ఇల్లంతా జ్వరం కోసం ఎదురుచూసింది. డ్రైవరు కిటికీ దగ్గర కూర్చుని తన నుదురు తనే తడుముకునేవాడు. "మొద్దు వెధవలే నా కణాలు. నూకితే గానీ స్టార్టవ్వని బండ్లు," అనేవాడు. "కాస్త చూడు, వెచ్చగా ఉన్నానా?"

ఆమె చెయ్యి వేసి చూసేది. కుండలా చల్లగా ఉండేవాడు. ఆమె అల్మరాలోని మాత్రల డబ్బా వైపు చూసేది. ఆయన ఒంట్లోవాళ్లు లేచి కేకేస్తుంటే తనే గొంతు నొక్కేసిందేమో. సంచి తగిలించాల్సి వస్తే చేతులారా తగిలించింది తనే. చెబుదామని నోరు తెరిచి, "టీ తాగుతారా?" అని అడిగేది.

అయిదో వారం మాత్ర ఇవ్వలేదు. సాయంత్రానికి ఆయనకు వణుకు మొదలైంది. దుప్పటి మీద దుప్పటి కప్పింది. థర్మామీటరులో నూట ఒకటి. నూట రెండు దాటితే ఫోన్ చెయ్యమని ఆస్పత్రిలో చెప్పి ఉన్నారు. మాత్రల డబ్బా అల్మరాలోనే ఉంది, నాలుగడుగుల దూరంలో. ఆమె తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పిల్లదాని జ్వరానికి కూడా ఆమె అంత వణకలేదు.

"లేచారే మనవాళ్లు," అన్నాడు డ్రైవరు పళ్లు టకటకలాడుతుంటే. ఆ ముఖంలో సంతోషం చూసి ఆమె వంటింట్లోకి పోయి ఏడ్చింది. ఏడుపు భయానికా, ఊరటకా అంటే ఆమెకే తెలియదు. తెల్లారేసరికి జ్వరం దిగింది. ఆరో వారమూ అంతే.

కొన్ని వారాలకు కెమెరా పెట్టి చూశారు. గోడలు శుభ్రంగా ఉన్నాయి, గడ్డ జాడ లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాడు డాక్టరు. వరండాలో నర్సు ఇద్దరితో చేతులు కలుపుతుంటే చన్నీళ్లక్క ఉండబట్టలేక, మొగుడి ఎదుటే మాత్రల సంగతి కక్కేసింది.

నర్సు తల అడ్డంగా ఊపింది. "ఆ మాత్ర వేడిని దించుతుంది గానీ కణాల్ని నిద్రపుచ్చదమ్మా. అప్పుడూ లేచే ఉంటాయి, మీకు తెలియలేదంతే. కానీ ఇంకెప్పుడూ మాకు చెప్పకుండా ఏమీ ఇవ్వకు."

ఇంటికి పోయే బస్సెక్కి, ఆమె పక్కన సీట్లో కూర్చున్నాక డ్రైవరు బయటపడ్డాడు. "మొద్దు వెధవలని నా ఒంటిని నేనే తిట్టుకున్నానే. పక్కనే కూర్చుని విన్నావు. ఒక్క మాట చెప్పావా?"

ఇంకో రోజైతే ఆమె తప్పయిందని తలవంచుకుని, పొంగు చల్లార్చేసేది. ఇవాళ ఎందుకో నీళ్లు చేతికి అందలేదు.

"మీరు చెప్పారా?" అంది. "మూత్రంలో రక్తం పడుతోందని ఎన్ని నెలలు దాచారు? నేనడగలేదు. బట్టలుతికేదాన్ని, నాకు కనపడలేదనుకున్నారా? మీరే చెబుతారని చూశాను. చూస్తూ చూస్తూ నోరుమూసుకున్నాను. ఆ నెలలన్నీ గడ్డకేగా ఇచ్చాం మనిద్దరం."

ముందు సీట్లో వాళ్లు తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.

డ్రైవరు ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు. "భయమేసిందే," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదటిసారి.

ఏం ఫర్వాలేదండీ అనబోయింది. అనలేదు. "నాకూ వేసింది," అంది. "ఇంకా చాలా ఉన్నాయి చెప్పాల్సినవి. వింటారా?"

"చెప్పు," అన్నాడు ఆయన, ఆమె వైపు తిరిగి కూర్చుంటూ.