మ్యాచ్ మధ్యలో తెగే గట్టింగ్

2023 వేసవి. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట వెళ్లే దారిలో, మెట్రో పిల్లర్ల నీడలో నా దుకాణం. బ్యాడ్మింటన్ రాకెట్లకు గట్టింగ్ చేస్తాను, అంటే తీగలు అల్లుతాను. చదివింది బీకాం. దానికీ దీనికీ ఉన్న సంబంధం మా నాన్నకు ఎంత చెప్పినా అర్థం కాలేదు.

తీగను మిషన్ మీద ఎంత బిగువుగా లాగాలో పౌండ్లలో చెబుతారు. పౌండ్లు పెరిగితే షాట్ మీద అదుపు పెరుగుతుంది, తీగ ఆయుష్షు తగ్గుతుంది. మామూలుగా ఆటలో తెగే తీగ నడిమధ్యన, షటిల్ తగిలే చోట, పీచు లేచి తెగుతుంది.

ఎర్రమంజిల్ నుంచి సహస్ర అనే పదమూడేళ్ల అమ్మాయి వచ్చేది. చిన్నప్పటి నుంచీ ఆ పిల్లకు ఆదివారమంటే టోర్నమెంటే. వాళ్ల నాన్న శ్రీనివాస్ ఎక్కడ ఆట ఉన్నా కారులో దగ్గరుండి తీసుకెళ్లేవాడు. ఆ వేసవిలో ఆమె గట్టింగ్ వరసగా మ్యాచ్ మధ్యలోనే తెగసాగింది. శ్రీనివాస్ నా పనితనం గురించి తన అభిప్రాయాన్ని దాచుకోలేదు.

ఒకసారి తెగిన రాకెట్ పట్టుకుని సహస్ర ముందు లోపలికి వచ్చింది. ఆయన కారు ఎక్కడ ఆపాలా అని వెతుకుతున్నాడు. చూస్తే, తీగ ఫ్రేము పక్కన తెగింది. సగం దాకా నున్నగా కోసి ఉంది.

“ఏంటమ్మా, షటిల్‌తో ఆడుతున్నావా, బ్లేడుతోనా?” అన్నాను, నవ్వుతుందని.

నవ్వలేదు. “డాడీకి చెప్పకండి అంకుల్. ఓడిపోతే కార్ల ఒక్క మాట మాట్లాడడు. ఇంటిదాంక సప్పుడే ఉండదు. గట్ తెగి ఓడిపోతే మిమ్మల్ని తిడతడు. నాతోటి మాట్లాడుకుంట తిడతడు.”

అది విని నాకు మొదట కలిగింది ఊరట. నా పనిలో లోపం లేదన్నమాట! పిల్ల సంగతి ఆ తర్వాత తట్టింది. ఆ వరస తలుచుకుంటే ఇప్పటికీ తల దించుకోవాలనిపిస్తుంది. నా చెడ్డపేరు మీద ఒక ఇంట్లో మాటామంతీ నడుస్తోందని కూడా అప్పుడే తెలిసింది. ఎవరికీ చెప్పనన్నాను. బ్లేడు మానేయమన్నాను.

మానలేదు. జిల్లా సెలక్షన్ మ్యాచ్ నుంచి శ్రీనివాస్ నేరుగా దుకాణానికే వచ్చాడు. వెనకే సహస్ర. లోపల నలుగురు కస్టమర్లు ఉన్నారు.

“ఏం గట్టింగ్ అన్నా ఇది? ఆఖరి గేమ్‌ల తెగింది! నా బిడ్డ ఏడాది కష్టం మట్టిల కలిపినవ్. చేతనైతలేదా? జర చెప్పు, బోర్డు పీకి పోతం!”

“పొరపాటు నాదే అయ్యుంటుందండీ,” అన్నాను. పక్కనున్న కస్టమర్ తన రాకెట్‌ను మెల్లగా దగ్గరికి లాక్కున్నాడు.

“అంకుల్‌ది కాదు డాడీ.” సహస్ర నేల చూపులు చూస్తోంది. “నేనే కోసిన.”

“ఎందుకురా?”

“ఓడిపోతే నువ్వు మాట్లాడవ్ కదా.”

శ్రీనివాస్ ముఖం ఎర్రబడింది. నా వైపు తిరిగి, “సారీ అన్నా,” అన్నాడు.

“నాకు కాదండీ,” అన్నాను.

ఆయన కూతురి వైపు తిరిగాడు. “ఆకలైతుందా?” అన్నాడు. ఆమె తల ఊపింది. రాకెట్ కౌంటర్ మీదే వదిలేసి ఇద్దరూ వెళ్లిపోయారు.

ఆయన్ని చూసి జాలిపడదామనుకున్నాను గానీ కుదరలేదు. రాకెట్ తెచ్చే ప్రతి పిల్లనూ నేను మొట్టమొదట అడిగే మాట “గెలిచావా?” అనే. సహస్రనూ ఇన్నేళ్లూ అదే అడిగాను, పలకరింపు అనుకుని. ఇప్పుడు అడగను. దాని బదులు ఏం అడగాలో ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి “ఎన్ని పౌండ్లు?” అంటున్నాను.