అక్క చదువు, బుడ్డోడి బొత్తాల గోచి

ఆ రోజుల్లో పసిపిల్లలకు గుడ్డలు డబ్బు పెట్టి కొంటారంటే మా వైపు నవ్వేవాళ్ళు. గుడ్డలు కొనేది పెద్దవాళ్ళకు. అవి పాతబడి, చిరిగి, మెత్తబడ్డాక పిల్లల కిందికి వచ్చేవి. తాత పంచె, అవ్వ చీర, ఎవరో చుట్టం మరిచిపోయి వెళ్ళిన తువ్వాలు, అన్నీ ఆ దారినే పోయేవి. (నేనూ ఎవరో పెద్దమనిషి పంచె మీదనే పెరిగానని అమ్మ చెబుతుంది. ఆయనెవరో అడగాలని చాలాసార్లు అనుకున్నాను. సిగ్గేసి అడగలేదు.) అలాంటి కాలంలో, డిగ్రీ చదువుతూ కూడా ఇంట్లో నాయనతో నాలుగు ముక్కలు కలిపి మాట్లాడలేని నేను, ఒక పసివాడి గోచి కోసం అనంతపురం బజారంతా తిరగవలసి వచ్చింది.

మా అక్కను ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటికిచ్చారు. వాళ్ళ ముందుగదంతా మగ్గమే. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించుకుని బావ నేస్తుంటే, పక్కనే అత్త, అంటే అక్క అత్తగారు, రాట్నం ముందు కూర్చుని పట్టు దారాన్ని కండెలకు చుట్టేది. వాళ్ళిద్దరి మధ్య ఉన్న నేలంతా అక్క కొడుకు, మా బుడ్డోడి రాజ్యం. కొత్తగా నడక వచ్చినవాడు, ఆ రాజ్యంలో ఎక్కడ పడితే అక్కడ తడిపేవాడు. ఒకసారి గుంత గట్టున నిలబడి నేరుగా బావ మోకాళ్ళ మీదికే పోశాడు. "ఈ యేడు మన ఊర్లో పడిన తొలి వాన ఇదే" అన్నాడు బావ, నేత ఆపకుండానే.

ఆ సమయంలోనే అక్కకు అనంతపురంలో బీఈడీ సీటు వచ్చింది. పెళ్ళితో ఆగిన చదువు మళ్ళీ తలుపు తట్టింది. పొద్దున బస్సెక్కితే చీకటి పడేలోగా ఇల్లు చేరుకోవచ్చు. బావ సరేనన్నాడు. అత్త కూడా కాదనలేదు గానీ ఒక మెలిక పెట్టింది. "పో, చదువుకో. నాకేం అడ్డం ల్యా. పిల్లోన్ని నేనే చూసుకుంటా. కానీ వీడు నా ఒళ్ళో పోసి పట్టు తడిపినాడనుకో, ఆ చీర ఎవురు కట్టుకుంటారు? తడి నా కండెకు తగలకుండా ఏదన్నా దావ చూపీ. ల్యాకుంటే ఆ సీటు మాకొద్దని చెప్పు."

అందులో అన్యాయమేమీ లేదు. ఒకసారి వాడి పారేసే డైపర్లు తొడిగి చూశారు. మా ఎండలకు బుడ్డోడి తొడలు కమిలిపోయాయి. పాత పంచె ముక్కలు కడితే పూటకు బుట్టెడు గుడ్డలు, వాటిని ఉతకడానికి నీళ్ళెక్కడివి? కొళాయి ఎప్పుడో బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, ట్యాంకరు వస్తే బిందెలకంటే ముందు కొట్లాట నిండేది. బొత్తాలున్న కొత్తరకం గుడ్డ గోచులు వచ్చాయని, అవి ఎంత పోసినా తాగుతాయని అక్క ఎక్కడో విని నాకు ఫోన్ చేసింది. "నువ్వు అన్ని పుస్తకాలు చదువుతావు గదా, మంచిదేదో చూసి పట్టుకోని రా." (నేను చదివే నవలల్లో నాయికలకు పిల్లలు పుడతారు గానీ వాళ్ళెప్పుడూ తడపరు. ఆ సంగతి అక్కకు ఎలా చెప్పను?)

మొదటి దుకాణంలో పిన్నీసులు కొనుక్కుని బయటికొచ్చాను. రెండో దుకాణంలో రిబ్బను. మూడోదాంట్లో కొనడానికి ఇంకేమీ తోచక నిలబడిపోయాను. దుకాణదారు అడిగాడు.

"ఏం కావల్లమ్మా?"

"గుడ్డ."

"ఏం గుడ్డ?"

"చిన్నది."

"కర్చీపా?"

"ఇంకొంచెం పెద్దది. కట్టేది."

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి, లోపలికి తిరిగి, బజారు ఆ చివరిదాకా వినిపించేలా, "ఏమప్పా, ఈ పాపకు న్యాపీలు చూపీ!" అని కేకేశాడు. దుకాణంలో ఉన్న ఆడవాళ్ళందరి చూపులూ ముందు నా మెడ మీదికీ, తర్వాత కాలివేళ్ళ మీదికీ వెళ్ళాయి. తాళి లేదు, మెట్టెలు లేవు. నేను చెప్పులు ఏ రంగువో కనుక్కునే పనిలో పడ్డాను. "పిల్లోడు ఎంత లావుంటాడు?" అంటే చేతులు చాపి చూపించాను. "శానా పోస్తాడా?" అంటే మాత్రం మళ్ళీ చెప్పుల వైపు చూశాను. ఆయనే నా మొహం చూసి "శానానే" అని తేల్చుకుని, నాడాలున్న మూడు మూలల గుడ్డా, దాని మీద తొడిగే రబ్బరు లాగూ, చివరగా "బెంగళూరు సరుకు" అంటూ ఒక కొత్త వింతా ముందు పరిచాడు. పైన తడి బయటికి రానివ్వని బట్ట, లోపల జేబు, జేబులో మందంగా కుట్టిన నూలు మడత, నడుము చుట్టూ వరసగా బొత్తాలు. "పెరిగేకొద్దీ బొత్తాం మార్చుకుంటా పో. పెండ్లికి గూడా ఇదే సరిపోతాది!" ఎవరి పెళ్ళికో అడిగే ధైర్యం లేక దానికే తలూపి, అరడజను కట్టించుకున్నాను.

ధర్మవరం బస్సులో, బత్తలపల్లె దాటాక, పొట్లంలో ఉన్న కాగితం తీసి చదివాను. వాడే ముందు నాలుగైదు సార్లు ఉతకాలని, కొత్త నూలుకు జిడ్డు ఉంటుంది కాబట్టి అది పోయేదాకా గుడ్డ తడి తాగదని అందులో రాసి ఉంది. శుభ్రంగా ఉన్న కొత్త గుడ్డను నాలుగైదు సార్లు ఉతకమని, బియ్యం కడిగిన నీళ్ళు బర్రెకూ గుడ్డలు జాడించిన నీళ్ళు బచ్చలికీ పోసే ఇంట్లో ఎలా చెప్పడం? మిగిలిన దారంతా ఆ ఒక్క వాక్యాన్నే మనసులో దిద్దుకుంటూ కూర్చున్నాను.

నేతవాళ్ళ ఇంట్లో ఏ గుడ్డకైనా ముందు పరీక్ష పెట్టాల్సిందే. బావ మగ్గం ఆపి గోచిని వెలుతురుకు పట్టి చూశాడు. "పైది నేతే కాదు. పడుగు ల్యా, పేక ల్యా. లోపలిది మాత్రం మంచి నూలే మరదలా." అత్త బొత్తాలు టిక్కుటిక్కుమని వేసి, తీసి, మళ్ళీ వేసి, "గట్టిగానే ఉండాది" అంది. బావ మళ్ళీ నేత మొదలుపెట్టాడు. అదే అదనుగా నేను దిద్దుకున్న వాక్యాన్ని బయటికి వదిలాను. నా గొంతు మామూలుగానే పక్క మనిషికి సగం చేరుతుంది, మిగతా సగాన్ని మగ్గం మింగేసింది. అత్త తల పంకించింది. విన్నదనుకున్నాను. ఆమె కండె చుట్టేటప్పుడు ఎప్పుడూ అలాగే తల ఊపుతుందని నాకు తర్వాత తెలిసింది.

గోచి కట్టారు. అత్త బుడ్డోణ్ణి ఒళ్ళో వేసుకుని రాట్నం తిప్పడం మొదలుపెట్టింది. కాసేపటికి రాట్నం ఆగింది. అత్త కండెను పైకెత్తి పట్టుకుని లేచింది. పట్టు బతికింది, అత్త చీర పోయింది. "చెరువులోనే నిలవని నీళ్ళు ఈ గుడ్డలో నిలుస్తాయా! బెంగళూరోడు బాగా కట్టినాడు మనకు గోచి!" అని, అక్క వైపు తిరిగి, కాస్త మెల్లగా, "సీటు సంగతి మరిచిపోమ్మీ" అంది. అక్క పిల్లవాణ్ణి తీసుకుని లోపలికి వెళ్ళింది. కాలేజీకని ఇస్త్రీ చేసి పెట్టుకున్న చీరను మళ్ళీ ట్రంకు అడుగున పెట్టడం నాకు గుమ్మంలోంచి కనిపించింది.

నేను అత్త పక్కకు వెళ్ళి చెప్పాను. మగ్గం ఆడుతోంది, వినపడలేదు. ఇంకాస్త పెంచాను. లాభం లేదు. చివరికి పుట్టినప్పటి నుంచి దాచుకున్న ఊపిరంతా కూడదీసుకుని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే పడుగులో ఒక పోగు తెగి, బావ మగ్గం ఆపాడు.

"ముందు ఉతకల్ల అత్తా! ఉతకకుంటే అది ఉచ్చ తాగదు!"

ఆ నిశ్శబ్దంలో నా కేక గుమ్మం దాటి వీధిలోకి పోయింది. ఎదురింటి మగ్గం ఆగింది. పక్కింటిదీ ఆగింది. దాని అవతలిదీ ఆగింది. "ఎవురే అది, ఏం తాగదంట?" అని ఎవరో అరిచారు. బావ గుంతలోకి వంగి పోగు వెతుకుతున్నట్టు నటించాడు గానీ భుజాలు ఊగుతున్నాయి.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత గొంతు పెట్టుకోని ఇన్నాళ్ళూ యాడ దాచినావే పాపా? ముందే చెప్పొచ్చు గదా."

"చెప్పినాను అత్తా."

"ఎవురికి? గోడకా?"

పోయే పరువు ఎలాగూ పోయింది కాబట్టి మిగతాది కూడా చెప్పేశాను. కొత్త నూలు, జిడ్డు, నాలుగైదు ఉతుకులు. "నాలుగైదా! నీళ్ళు మీ నాయన పంపిస్తాడా?" అని లేచిన అత్త, ఉన్నట్టుండి ఆగింది. ఆమె పుట్టింటివాళ్ళు పట్టుకు రంగులేసేవాళ్ళు. "పచ్చి పట్టును గూడా బంక పోయేదాకా ఉడకబెడితేనే రంగు తాగుతాది. ఇదీ అంతే గదా. ఉతికేదెందుకు, ఉడకబెడదాం. ఒక దబర నీళ్ళు చాలు."

మర్నాడు పొద్దున పెరట్లో పొయ్యి మీద దబర, దబరలో తెల్లటి నూలు మడతలు ఉబ్బి తేలుతున్నాయి, అత్త చేతిలో కట్టె. నిన్నటి కేకకు అర్థం తెలుసుకోకపోతే నిద్రపట్టని ఎదురింటావిడ గోడ మీదుగా తొంగి చూసింది. "ఏం వదినా, పొద్దున్నే ఏందో వండుతాండావు?"

"మా కోడలి బీఈడీ!" అంది అత్త, కట్టెతో ఒకదాన్ని తిరగేస్తూ. "ఇంగా ఉడకల్ల."

ఆ నీళ్ళు కూడా పారబోయలేదు, చల్లారాక వాకిలి కడిగారు. గుడ్డలు ఆరడానికి మా ఊళ్ళ ఎండ సంగతి చెప్పాలా, తాడు మీద వేసి వెనక్కి తిరిగేలోగా గలగలమన్నాయి.

కాలేజీ మొదలయ్యే రోజు పొద్దున అక్క ఆ ఇస్త్రీ చీర కట్టుకుని, బ్యాగు భుజానికి తగిలించుకుని, గుమ్మంలో నిలబడింది. బుడ్డోడు పాలు తాగి అత్త ఒళ్ళో నిద్రపోయాడు. రాట్నం తిరుగుతోంది. అత్త ఎడమచేతిని మెల్లగా వాడి కిందికి పోనిచ్చింది. బావ పేక దారం నడిపే నాడెను చేతిలోనే పట్టుకుని ఆగిపోయాడు. చెయ్యి బయటికొచ్చింది. పట్టు పోగును పరీక్షించినట్టే వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్ది చూసుకుంది. మళ్ళీ రాట్నం అందుకుంది.

"ఏం చూస్తాండావ్ మ్మీ?" అంది, తలెత్తకుండానే. "పో, బస్సు పోతాది."

అక్క పరుగెత్తింది. చీర కుచ్చెళ్ళు చేత్తో పట్టుకుని వీధి మలుపు దాకా పరుగెత్తడం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

ఆ తర్వాత నేను అంత గట్టిగా అరిచింది లేదు. నా గొంతు దాని చోటికి అది వెళ్ళిపోయింది. ఈమధ్య ఆ వీధికి ఒక పెళ్ళికి వెళితే, ఎదురింటావిడ నన్ను పోల్చుకుని పక్కవాళ్ళకు చూపించింది. "ఆ పొద్దు మగ్గాలన్నీ నిలిపేసింది ఈ పాపే. అబ్బో, శానా నోరు! దీని మొగుడు ఎట్ల యేగుతాండాడో!" నేను తల వంచుకుని నవ్వాను. అది నటన అనుకున్నట్టుంది, ఆమె నమ్మలేదు. నేనూ సరిదిద్దలేదు. నన్ను నోరున్న మనిషిగా గుర్తుపెట్టుకున్నది లోకంలో ఆ ఒక్క వీధే. అక్కడ మాత్రం నేను కాస్త నిటారుగా నడుస్తాను.