పదకొండు మందలు, పదకొండు గొర్రెలు

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలెవరైనా "డిజైన్ మన పని కాదు కదక్కా" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. వాళ్ళ మీద కాదు, నా మీదే. ఆ రోజుల్లో, ఇరవై రెండేళ్ళప్పుడు, ఆ మాట నేనే రోజుకు పదిసార్లు అనేదాన్ని, అదీ మహా గొప్పగా. వికారాబాద్‌లో ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదుల ఆఫీసు మాది. వెబ్‌సైట్లలో జనం కంటికి కనబడే భాగానికి కోడ్ రాయడం నా ఉద్యోగం. హైదరాబాద్ నుంచి డిజైనర్ ఒకాయన తెర ఎలా ఉండాలో బొమ్మ గీసి పంపేవాడు (ఆయన మొహం నేనెన్నడూ చూడలేదు, బొమ్మలాయన అనుకునేదాన్ని). నేను దాన్ని గీతకు గీత కోడ్‌లోకి దించేదాన్ని. బొమ్మలో ఉన్నది తెర మీదికి వస్తే నా బాధ్యత తీరినట్టే. దాన్ని ఎవరు వాడతారు, ఎట్లా వాడతారు అనేది నా జీతంలో లేదని నా నమ్మకం.

ఆ ఏడు తాండూరులోని ఒక స్వచ్ఛంద సంస్థ మాకు పని ఇచ్చింది. వానలు పడి కొత్త గడ్డి మొలిచిందంటే గొర్రెలకు చిటుకు రోగం భయం. పొద్దున మేసిన జీవం సాయంత్రానికి ఉండదు. వానలకు ముందే ఊరూరా టీకాలు వేయాలి, దానికి కాపరులు ఫోన్లోనే పేర్లు రాసుకునే పేజీ కావాలన్నారు. బొమ్మ వచ్చింది. పైన పేరు, ఊరు. వాటి కింద పెద్ద డబ్బాలో "మీ దగ్గర ఎన్ని గొర్రెలు ఉన్నాయి?" అని ప్రశ్న, పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే కుదరదు, సున్నా కొట్టినా కుదరదు. నా సొంత తెలివి కూడా కొంత కలిపాను. నింపకుండా ముందుకు పోబోతే ఆ డబ్బా ఇటూ అటూ ఊగుతుంది. ఆ ఊగడం కోసం రెండు రోజులు తంటాలు పడ్డాను. మా సార్ చూసి "మస్తున్నదమ్మా" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మాది ధారూర్ దగ్గర గొర్రెలు కాసే ఇల్లు. ఆరేళ్ళప్పుడు దొడ్డి దగ్గర నిలబడి గొర్రెపిల్లలను లెక్కపెడుతుంటే మా పెద్దనాయన నా చేతి మీద ఒక్కటిచ్చి, "ఏలు వెట్టి ఎంచుతవా? దిష్టి తాకదా?" అన్నాడు. మందలో ఎన్ని ఉన్నాయో మా ఊరి కాపరులు ఎవరికీ చెప్పరు. అల్లుడికి కూడా చెప్పరు. ఇదంతా తెలిసిన మనిషిని, ఆ ఎర్ర చుక్కను నా చేత్తోనే పెట్టాను. ఎందుకు? బొమ్మలో ఉంది కాబట్టి!

వారం తిరక్కుండానే మా ఊరి నుంచి పదకొండు మందలవాళ్ళు పేర్లు రాసుకున్నారు. పేజీ ఎక్కడా మొరాయించలేదని సార్ పొంగిపోయాడు. నేనూ పొంగిపోయి, టీకాల రోజు సెలవు పెట్టి మరీ ఊరికి పోయాను. ఊరి బయట బీడంతా గొర్రెలే. తాండూరు బండి దిగిన టీకాలాయన (అందరికీ ఆయన సూది తాత) ఐసు పెట్టెలోంచి ఒకే ఒక్క సీసా తీశాడు. బీడు వైపు చూశాడు, చేతిలో కాగితం వైపు చూశాడు.

"పదకొండు మందలు, పదకొండు గొర్రెలు అని రాసున్నది. మందకు ఒక్కటేనా? ఎవలు వెట్టిన్రు గీ లెక్క?"

తప్పు నాదని నాకు తోచనే లేదు. రెండు రోజుల కష్టం మంటగలిపారన్న కోపంతో పెద్దనాయన మీద పడ్డాను. "గంత మందను వెట్టుకొని ఒకటి అని ఎందుకు కొట్టినవ్ పెద్దనాయనా?"

"ఎన్నున్నయో ఎట్ల చెప్తరు బిడ్డా? ఇడిసిపెడ్దమంటె నీ డబ్బా ఇడుస్తలేదు. తల అడ్డం ఊపుకుంట దబాయిస్తున్నది. ఒకటి కొట్టంగనె సప్పుడు చెయ్యలే. అందరిని గదే కొట్టుమన్న" అన్నాడు, పెద్ద ఉపకారం చేసినట్టు.

సూది తాత నా వైపు చూడను కూడా చూడలేదు. "తమ్మీ, సీసా నూరు జీవాలకు వస్తది. నీకెన్ని సీసాలు తేవాలె?" అని పెద్దనాయనను అడిగాడు.

"రెండు తే అన్నా. జర తక్కువవడితె మూడోది ఇప్పుదువు" అన్నాడు పెద్దనాయన, తడుముకోకుండా.

అంతే! దిష్టి లేదు, దాపరికం లేదు. అడగవలసిన ప్రశ్న అది. కోపం చల్లారక ఆ సాయంత్రమే బొమ్మలాయనకు ఫోన్ చేసి దులిపేశాను. ఆయన ఓపిగ్గా విని, "నేను గొర్రెను దగ్గర నుంచి చూసింది లేదు మేడమ్. మీకు తెలుసు కదా, మీరైనా చెప్పొచ్చు కదా" అన్నాడు. సిగ్నల్ సరిగా లేదని పెట్టేశాను.

తర్వాత ఏడాదిపాటు ఆదివారాలు రైలెక్కి హైదరాబాద్ పోయి డిజైన్ నేర్చుకున్నాను. ఇప్పుడు బొమ్మ చేతికి రాగానే కోడ్ జోలికి పోను. ఎవరు నింపుతారు, వాళ్ళు ఈ మాట పైకి చెప్పగలరా అని ముందు కొట్లాటకు దిగుతాను. (నన్ను వెనకాల పంచాయితీ అక్క అంటారని తెలుసు, అనుకోనీ.) కోడ్ రాసుకునేదానివి, నీకెందుకు ఈ డిజైన్ గొడవ అని అడిగితే, జీతం పెరుగుతుందని అంటాను. ఊగే డబ్బాను చూసుకుని మురిసిపోయిన ఆ పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. అసలు కారణం చెప్పను.

ఆ రోజు తెచ్చిన ఒక్క సీసా ముందు నిలబడ్డ చిన్న మందలకే అయిపోయింది. "మా బిడ్డ తెప్పిచ్చిన బండి, మీరే ముందుగాల ఏపిచ్చుకోన్రి" అని పెద్దనాయన అందరినీ ముందుకు పంపి, తాను వెనక నిలబడ్డాడు. రెండో బండి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ లోపల వాన పడింది. తర్వాత ఇంటికి పోయినప్పుడు, "ఎన్ని పోయినయి పెద్దనాయనా?" అని అడిగేశాను. అడిగి నాలుక కరుచుకున్నాను.

"పోయినవాటికి దిష్టి ఏముంటది బిడ్డా" అన్నాడు. "నాలుగు."