తాళి కట్టే వేళ ఒక్క క్లారినెట్

మా క్లారినెట్ చాచా ఇక లేరు. మొన్న పొద్దున మణుగూరులో, తన ఇంట్లోనే కన్నుమూశారు. "మా అబ్బా పోయిండక్కా" అని ఆయన కొడుకు ఫోన్‌లో చెప్పినప్పుడు నేను ఖమ్మంలో పాఠం చెప్పడానికి బడికి బయలుదేరుతున్నాను. బడి మాట పక్కన పెట్టి బస్సెక్కాను.

చాచా పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. ఆయన్ని నేను మొదట చూసింది మా అక్క పెళ్లిలో. నాన్న బొగ్గు గనిలో పనిచేసేవారు. కాలనీలో మా క్వార్టరు ముందే పందిరి వేశారు. పెళ్లికి కొద్ది రోజుల ముందు నానమ్మకు గుండెపోటు వచ్చింది. పెద్ద చప్పుళ్లు ఆమె చెవిన పడకూడదని డాక్టరు చెప్పారు. బ్యాండు వాళ్లు రాగానే నాన్న చేతులు జోడించి వాపసు పొమ్మన్నారు. లోపలి గదిలో ఉన్న నానమ్మ మాత్రం ఊరుకోలేదు.

"మనుమరాలికి మూగపెండ్లి చేస్తవారా?"

బ్యాండు వాళ్లలోంచి చాచా ముందుకొచ్చారు. "డోళ్లు, ట్రంపెట్లు బయటనే ఉంటయ్ సార్. నేనొక్కణ్నే వస్త" అన్నారు.

నానమ్మ గది గడప పక్కన కూర్చుని, పందిట్లోకి చూస్తూ ఊదడం మొదలుపెట్టారు. ఊపిరి ఎక్కడ స్వరమైందో తెలియలేదు. నానమ్మ వేళ్లు దుప్పటి మీద తాళం వేస్తున్నాయి. నాకు మాత్రం ఒకటే భయం. తాళి కట్టే వేళ ఏ బ్యాండైనా వీధి దద్దరిల్లేలా మోగిస్తుంది. అప్పుడీయన ఏం చేస్తారు?

ఆ వేళ రానే వచ్చింది. చాచా శబ్దం రవ్వంత కూడా పెంచలేదు. స్వరం రంగు మార్చారు, అంతే. అప్పటిదాకా గొంగడిలా వెచ్చగా ఉన్న ధ్వని ఒక్కసారిగా తళుక్కుమంది. పందిట్లో మాటలు ఆగిపోయాయి. మంచం మీద నుంచి పందిరి కనిపించని నానమ్మ కళ్లు తెరిచి, "తాళి కట్టిండా?" అని అడిగింది.

మరుసటి వారమే నేర్పమని ఆయన ఇంటికి వెళ్లాను. ఆడపిల్లకు బ్యాండు పని ఏందని నాన్న గొణిగితే, నానమ్మే నోరు మూయించింది.

చాచా క్లారినెట్ మూతికి కట్టే రెల్లు ముక్కను ముందు నోట్లో నానబెట్టుకునేవారు. అంతసేపూ మాట్లాడలేరు కాబట్టి ఎవరేం చెప్పినా పూర్తిగా వినేవారు. వీధిలో బొగ్గు లారీ వస్తే నన్ను ఆపేసేవారు. "పోనియ్ బిడ్డా. దాంతోటి మనకు పోటీ ఏంది?"

గట్టిగా ఊదకుండానే ఆ రోజు స్వరం అట్లా ఎలా మెరిసిందని అడిగాను.

"గొంతుల 'ఓ' అనుకుంటే పొద్దుగూకుతది. 'ఈ' అనుకుంటే తెల్లారుతది. దమ్ము మాత్రం తగ్గొద్దు. మెల్లగ ఊదుడంటే సగం ఊదుడు కాదు."

అది పట్టుబడటానికి నాకు ఏళ్లు పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పట్టుబడిందని చెప్పలేను.

పోయిన చలికాలం చూడటానికి వెళ్తే ఆయాసంతో మంచం మీద ఉన్నారు. క్లారినెట్ నా చేతికిచ్చి వాయించమన్నారు. వాయించాను. ఆయన కళ్లు మూసుకుని, అరచెయ్యి గాలిలో చాచి, స్వరంతో పాటే దాన్ని ఎత్తుతూ దించుతూ విన్నారు. చివరి స్వరాన్ని సన్నగా, ఇంకా సన్నగా చేసి వదిలేసి, క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాను. చాచా కళ్లు తెరవలేదు. గాలిలో చాచిన ఆయన అరచెయ్యి ఇంకా మెల్లగా కిందికి దిగుతూనే ఉంది. అది దుప్పటిని తాకేదాకా ఆ గదిలో ఎవరమూ కదల్లేదు.